విమానానికి ఎదురు నడిచాను

"విమానం ఆకాశంలో ఉన్నంతసేపూ భయం లేదు, నేలమీద నడిచేటప్పుడే ఉంది భయమంతా" అని మా ఆయన అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మాటకు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. పైనుంచి పడితే కదా చావు, కింద ఏముంది అనుకునేదాన్ని. ఇప్పుడు నవ్వను.

ఆయన మొదట డోన్‌లో లారీ క్లీనరు. లారీ వెనక్కి పోతుంటే వెనక నిలబడి, అరచేత్తో రేకు మీద తట్టి "రై రై" అనడం, గోడ దగ్గరపడితే "హోల్డాన్" అని అరవడం ఆయన పని. తర్వాత కర్నూలుకు ఇవతల, మా ఊరి పక్కన, బండలూ తంగేడు పొదలూ తప్ప ఏమీ లేని నేలలో విమానాల మైదానం వచ్చింది. చిన్నప్పుడు నేను గొర్రెలు మేపిన నేలే అది. అక్కడ పిల్లలకు విమానం నడపడం నేర్పే బడి ఒకటి పెట్టారు. నలుగురు కూర్చుంటే నిండిపోయే చిన్న విమానాలు. మా ఆయన అక్కడ పనికి కుదిరాడు. లారీకి వెనక నిలబడిన మనిషి విమానానికి ముందర నిలబడ్డాడు, అంతే తేడా.

షెడ్డులో నుంచి రన్‌వే దాకా, దిగినాక రన్‌వే నుంచి షెడ్డు దాకా విమానం చక్రాల మీద మెల్లగా నడిచి పోవాలి. దాన్ని వాళ్ళు టాక్సీ అంటారు. ఆ దారి మధ్యలో పసుపు గీత ఉంటుంది, అంచుల్లో రాత్రిపూట నీలం దీపాలు వెలుగుతాయి. ముందు చక్రం పసుపు గీత వదలకూడదు. రన్‌వేకు ముందు అడ్డంగా ఇంకో గీత ఉంటుంది, టవరు వాళ్ళు సరే అనేదాకా అది దాటకూడదు. షెడ్డు దగ్గర మా ఆయన చేతుల్లో వెలిగే కడ్డీలు రెండు పట్టుకుని ఎదురుగా నిలబడి దారి చూపేవాడు. రెండూ పైకెత్తి ఊపితే రమ్మని. తలపైన అడ్డంగా కలిపితే ఆగమని.

రాత్రి సంగటి తింటూ ఆ పని సంగతులే చెప్పేవాడు. విమానం ముందర తిరిగే పంకా పగలైతే మసకగా కనపడుతుందట, రాత్రి అసలు కనపడదట. ఏమీ లేదనుకుని అడుగు వేస్తే మనిషి మిగలడట.

"నీకు ఆయప్ప కనపడితే చాలదే. ఆయప్పకు నీవు కనపడాల. నడిపేటోడు నిన్ను చూసినాడని తెలిసినాకనే కాలు కదపాల" అనేవాడు.

నాకెందుకు ఈ మాటలన్నీ అనుకుంటూ వినేదాన్ని. ఇంకో ముద్ద పెట్టమంటావా అని అడిగేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న మనిషి గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. ఆటో కర్నూలు చేరకముందే అంతా అయిపోయింది. మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే ఇల్లు. చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి మట్టి వేయించారు. ఆ నెల తిరిగాక విమానాల బడివాళ్ళు కబురు పెట్టారు, షెడ్డు ముందు ఊడ్చే పని ఉంది, వస్తావా అని. పోయాను. విమానం నడిచే చోట గులకరాయి ఉండకూడదు, మేకు ఉండకూడదు, చిన్న గుడ్డపేలిక కూడా ఉండకూడదు. పంకా గాలికి ఎగిరి తగులుతుంది. అవన్నీ ఏరాలి. విమానం నిలిచినాక చక్రాలకు అడ్డం కట్టెలు పెట్టాలి. ఇదీ నా పని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను చెబుతుంటే మా చిన్నకూతురు రాస్తోంది. "అది ఎందుకు లేమ్మా" అని ఇక్కడ కలం ఆపింది. రాయి అన్నాను.

మొగుడు పోయినదాన్ని ఎవరికీ ఎదురు రానియ్యరు. పొలానికి పోయేవాడు గడప దాటి నన్ను చూస్తే, వెనక్కి పోయి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరతాడు. ఇది బొట్టు పెట్టుకునే ఇళ్ళ మాట, మనకేమిటి అని అయ్యగారు చర్చిలో చెబుతారు. చెబుతారు గానీ, వాళ్ళ కొడుకు పరీక్షకు బయలుదేరిన రోజు ఆ ఇంటి వాకిలి ముందు నేను తట్ట పట్టుకుని పోతుంటే, అమ్మగారు "కొంచెం ఆగమ్మా, వాడు పోనీ" అన్నారు. నాకు కోపం రాలేదు. నేనే ముందు ఆగి ఉండాల్సింది అనుకున్నాను. ఊరు ఒకటి, చర్చి ఒకటి. పుట్టినప్పటి నుంచి చూసిన సంగతి వాక్యం వింటే పోదు.

అందుకని షెడ్డులో కూడా నేను అదే చేసేదాన్ని. పిల్లలు విమానం ఎక్కుతుంటే పక్కకు జరిగేదాన్ని. ఇంజన్ మోగితే రెక్క వెనక్కి పోయి తోక వైపు నిలబడేదాన్ని. ఎవరి ప్రాణమో పైకి పోతోంది, నా ముఖం ఎందుకు చూడాలి? ఎవరూ పొమ్మనలేదు, నేనే పోయేదాన్ని.

ఒక సాయంత్రం మసక వేళ అట్లాగే వెనక నిలబడ్డాను. విమానం గిర్రున తిరిగింది. అది తిరిగితే తోక ఇటు తిరుగుతుంది కదా. తోక వచ్చి నా భుజానికి ఒక జానెడు ఎడంలో పోయింది. నేను తప్పుకుందామని ముందుకు అడుగు వేశాను. ముందర పంకా ఉంది. అప్పుడే ఇంజన్ ఆగింది. లోపల నుంచి పెద్ద సారు దిగాడు. పిల్లలకు నేర్పించేది ఆయనే, కర్నూలు మనిషే. ముఖం తెల్లబడిపోయి ఉంది.

"యమ్మా! చచ్చిపోతావా? ఆ చీకట్లో ఎనక ఏం చేస్తాండావు?"

"ఎదురు రాకూడదని సార్."

"ఎవురు చెప్పినారు?"

మెడ మీదికి కొంగు లాక్కున్నాను. ఆయనకు అప్పుడు తట్టింది.

"చూడమ్మా, ఈడ ఎనక నిలబడేది తప్పు. పక్కన దాక్కునేది తప్పు. లోపలుండే మనిషికి నీవు కనపడే తావులోనే నిలబడాల. నీవు ఎదురు రాకుంటేనే ఈడ అపశకునం. అర్థమాయనా?"

అర్థమైందన్నాను. మా ఆయన సంగటి ముందు చెప్పిన మాటే అది. అయినా మర్నాటి నుంచి ఏం చేశానంటే, విమానం కదిలే లోపే షెడ్డులోకి పోయేదాన్ని. ఎదురూ కాదు, వెనకా కాదు. అసలు లేకుండా పోతే ఏ గొడవా లేదు కదా.

ఆ ఏడాది వచ్చిన పిల్లల్లో వేంపల్లె వైపు నుంచి ఒక పాప ఉండేది. చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలున్న రైతుల ఇంటి పిల్ల. సన్నగా, మాట తక్కువ. నేను ఏరిన రాళ్ళ డబ్బా చూసి, "ఇన్ని దొరికినాయా అమ్మా?" అని అడిగేది రోజూ. ఆ పాప మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కే రోజు ఇంటిల్లిపాదీ జీపులో దిగారు. టెంకాయ తెచ్చారు, నిమ్మకాయలు తెచ్చారు. కొత్త బండి అయినా కొత్త ట్రాక్టరు అయినా చక్రం కింద నిమ్మకాయ తొక్కించకుండా కదలనియ్యరు మా సీమలో.

పెద్ద సారు తల పట్టుకున్నాడు. "టెంకాయ ఈడ కొట్టొద్దప్పా, చిప్పపెంకు ఎగిరి పంకాకు తగిలితే ఎట్ల? ఆ కంచె అవతల కొట్టుకోండి. నిమ్మకాయ ఒక్కటే, ముందు చక్రానికి. తొక్కినాక మా యమ్మ తీసేస్తాది."

వాళ్ళతో ఒక ముసలమ్మ వచ్చింది. పాప నాయనకు తల్లి. జేజీ జేజీ అని పాప ఆమె చుట్టూ తిరుగుతోంది. ఎత్తయిన మనిషి, తెల్లచీర, నుదుట ఏమీ లేదు. హారతి పళ్ళెం కోడలి చేతికిచ్చి ఆమె మాత్రం వెనక్కి నడిచింది. షెడ్డుకు ఇనుప స్తంభాలున్నాయి, ఒక్కొక్కటి మనిషి వెడల్పు. అందులో ఒకదాని వెనక నేనున్నాను. నన్ను చూసింది, నా మెడ చూసింది, వచ్చి నా పక్కనే నిలబడింది.

"నీకూ పోయినాడా?" అంది.

"ఊ, అమ్మా."

"ఎన్నాళ్ళాయ?"

"శానా కాలేదు."

"నాకు శానా ఏండ్లాయ." కొంగు సర్దుకుంది. "ఈ పిల్లను నేనే ఎత్తుకుని పెంచినా. నా మంచంలోనే పండుకునేది. ఈ పొద్దు అది లేచి పోతాంటే నేను స్తంభం ఎనక."

"మన ఇద్దరికీ ఇదే తావు లేమ్మా" అన్నాను.

"అవును. గమ్మునుందాం" అంది.

ఇద్దరం గమ్మునున్నాం. విమానం లేచింది, మూడు చుట్లు తిరిగి దిగింది. శబ్దం విన్నాం గానీ స్తంభం వెనక నుంచి ఏమీ కనపడలేదు. అందరూ చప్పట్లు కొట్టాక ఆమె బయటికి పోయి పాప తల నిమిరింది. నేను పోయి నలిగిన నిమ్మకాయ తీశాను.

ఇక ఆ పొగ రోజు సంగతి.

చలికాలం. పత్తి ఏరడం అయిపోయి, రైతులు చేలల్లో పత్తికట్టె కాలుస్తున్నారు. పగలు ఆ పొగ పైకి పోతుంది. పొద్దుగూకి చలి పడితే పైకి పోలేక నేలను పట్టుకుంటుంది. దానికి మంచు తోడవుతుంది. ఆ రోజు రెండు విమానాలు చీకటిలో తిరగడం నేర్చుకోవడానికి పైకి పోయాయి. ఒకదానిలో ఆ పాప ఒంటరిగా ఉంది. పోయేటప్పుడు చుక్కలు కనపడుతున్నాయి. గాలి ఉన్నట్టుండి పడిపోయింది. నేను షెడ్డు ముందు ఊడుస్తూ తల ఎత్తి చూస్తే దారి చివరి నీలం దీపాలు లేవు. ఎవరో ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వస్తున్నట్టు దగ్గరివి కూడా పోతున్నాయి.

పెద్ద సారు చేతి రేడియోలో మాట్లాడుతున్నాడు. రెండో విమానాన్ని కడపకు పొమ్మన్నారు, అక్కడ ఆకాశం బాగుందట. పాప అప్పటికే దిగేస్తోంది. దిగింది. రన్‌వే వదిలి అడ్డగీత దాటి షెడ్డు దారిలోకి తిరిగింది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత రేడియోలో ఆ పిల్ల గొంతు వచ్చింది.

"సార్, గీత కనపడలేదు. ఆపేసినాను."

"మంచి పని చేసినావు. బ్రేకు పట్టుకో. కదలొద్దు. ఎడమ పక్క ఏమైనా కనపడతాందా?"

"తెల్లగా ఉండాది సార్. అంతా తెల్లగా."

"ముందు లైటు ఆర్పు. ఆ లైటే పొగ మీద పడి గోడ మాదిరి నిలబడతాది. రెక్కల లైట్లు మాత్రం ఉండనీ."

ఆ దారికి ఎడమ పక్క వాన నీళ్ళు పోయే కాలువ ఉంది, సిమెంటుది, లోతు. చక్రం అందులోకి జారితే విమానం ముక్కు మీద పడుతుంది, తిరుగుతున్న పంకా సిమెంటుకు కొట్టుకుంటుంది. పెట్రోలు ఉంది రెక్కల్లో. లోపల పాప ఒక్కతే. ఇది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ కాలువ గడ్డి పీకేది నేనే.

షెడ్డులో మేము ముగ్గురమే ఉన్నాం. సారు, నేను, ముసలి మెకానిక్కు. మెకానిక్కు సాయిబు, నన్ను అక్కా అంటాడు. కడ్డీలు పట్టే మనిషి డోన్‌కు పెళ్ళికి పోయాడు. ఇంజన్ ఆపించి తోసుకొద్దామా అని మెకానిక్కు అడిగాడు. దారి అంతా ఎగువ, చాలా దూరం, లాగే ట్రాక్టరు చక్రం ఊడదీసి ఉంది. ముగ్గురి వల్లా కాదు. జీపు పంపుదామా అంటే, దాని లైట్లు వేస్తే అదే తెల్లగోడ. వేయకపోతే మనమే పాప మీదికి పోతాం.

"నడిపించుకు రావాల" అన్నాడు సారు. "నేను కాలువ పక్క రెక్క కొన దగ్గర నడుస్తా, ఆ పక్కకు పోకుండా చూస్తా. ముందర గీత మీద ఒకరు నడవాల. భాయ్, మీరు షెడ్డు దీపాలన్నీ వేసి ఈడ రేడియో చూడండి." అని కడ్డీలు రెండూ నా ముందు పెట్టాడు. "యమ్మా, రా."

నేను కడ్డీలు ముట్టుకోలేదు.

"సార్, నేను వొద్దు. ఆ పాపకు నేను ఎదురు పోను."

"ఇప్పుడా ఈ మాట?"

"వాళ్ళ జేజి నా పక్కనే నిలబడింది సార్ స్తంభం ఎనక. మనవరాలికి తానే ఎదురు రాల్యా. నేను ఎట్ల పోయేది? ఏమన్నా ఐతే?"

మెకానిక్కు రేడియో చేత్తో పట్టుకుని అన్నాడు, "అరె అక్కా, ఆ పిల్ల ఆడ కూసోని ఎవురన్నా వస్తారేమోనని పొగలోకి చూస్తాంది. ముందర ఎవురు కనపడినా దానికి దేవుడే. నువ్వు ముఖం యాడ దాచుకుంటావు?"

సారు రేడియో తీసుకున్నాడు. పాపతోనే మాట్లాడాడు.

"ముందర యమ్మ నడుస్తాది. మన రాళ్ళు ఏరే యమ్మ. నీకు సరేనా?"

కొంచెంసేపు గరగర శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఆ కొంచెంసేపట్లో నేను తల వంచుకుని ఉన్నాను. వద్దంటుంది, అనాలి కూడా, పిల్ల అట్లాగే పెరిగింది అనుకున్నాను.

"బిర్న రమ్మనండి సార్, తొందరగా" అంది పాప. "నాకు ఎవరూ కనపడల్యా ఈడ."

కడ్డీలు తీసుకున్నాను.

దారి అంచు నీలం దీపాల వెంబడి సారూ నేనూ నడిచాం. ఒక దీపం దగ్గర నిలబడితే ఇంకో దీపం కనపడేది కాదు, నడిస్తే మెల్లగా పుట్టేది. గొంతులో పత్తికట్టె పొగ. ఇంజన్ శబ్దం ముందు వినిపించింది. ఏ పక్క నుంచి అని అడిగితే చెప్పలేను, అన్ని పక్కల నుంచీ వచ్చింది. తర్వాత ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా రెండు మరకలు. రెక్కల కొనల దీపాలవి. ఆ రెండింటి మధ్యలో ఎక్కడో కనపడని పంకా తిరుగుతోంది.

సారు నన్ను అక్కడే ఆపాడు. "దూరం ఇదే. ఇంతకన్నా దగ్గరికి రావొద్దు, ఏమైనా సరే." రేడియోలో పాపకు చెప్పాడు. "యమ్మ చేతుల్లో రెండు కడ్డీలు. రెండూ కనపడినంతసేపే కదులు. ఒకటి కనపడకున్నా ఆపు. అడ్డంగా పెడితే ఆపు. మనిషి నడక కంటే ఎక్కువ వద్దు."

అని ఆయన రెక్క వైపు పోయాడు. పొగలో కలిసిపోయాడు. నేను పసుపు గీత మీద ఒక్కదాన్నే నిలబడి విమానానికి ముఖం తిప్పాను. మొగుడు పోయినాక ఎవరికైనా నేను కావాలని ఎదురుగా నిలబడటం అదే మొదలు. ప్రభువా, నా ముఖం వల్ల ఈ పిల్లకు కీడు ఉంటే అది నాకు పెట్టు అని అడిగాను. కడ్డీలు పైకెత్తాను. లోపల లైటు ఒకసారి వెలిగి ఆరింది. చూసింది. నేను కనపడ్డాను.

షెడ్డు వైపు తిరిగి నడవడం మొదలుపెట్టాను. కడ్డీలు రెండు పక్కలకు చాచి, కింది వైపు పట్టుకున్నాను. పిల్ల కళ్ళలో వెలుతురు కొట్టకూడదని మా ఆయన చెప్పేవాడు. వెనక ఇంజన్ గుర్రుమంటూ వస్తోంది. లారీ వెనక మనిషికి లారీ కనపడుతుంది. నాకు వెనక ఏముందో శబ్దమే చెప్పాలి. ఒక్కోసారి సారు అరుపు వినపడేది, "బాగుండాది, రానీ, రానీ" అని. గీత కాళ్ళ కింద పాకుతోంది. నేను దాన్నే చూస్తున్నాను.

మలుపు దగ్గర గీత పోయింది.

అక్కడ నీలం దీపం ఒకటి వెలగడం లేదు. దారి మీదికి బూడిద కొట్టుకొచ్చి నల్లగా పరుచుకుంది. రెండడుగులు వేశాను, గీత లేదు. ఇంకో అడుగు వేశాను, లేదు. కాలువ ఇటుందో అటుందో తెలియలేదు. ముందుకు పోతే పాపను కాలువలోకి నేనే తీసుకుపోతాను. ఆగితే వెనక పంకా వస్తోంది. ఆగమని చెప్పాలంటే తిరగాలి, మళ్ళీ పూర్తిగా ఎదురు కావాలి.

తిరిగాను. తలపైన కడ్డీలు అడ్డంగా కలిపాను. ఎర్ర మరక, పచ్చ మరక ఇంకా పెద్దవవుతున్నాయి. పక్కకు దూకుదామని కాలు లేచింది. దూకితే పాపకు నేను కనపడను, కనపడకపోతే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. కాలు కింద పెట్టాను. కళ్ళు మాత్రం మూశాను, అది నిజం.

శబ్దం తగ్గింది. కళ్ళు తెరిస్తే ఆ రెండు మరకలు ఉన్నచోటే ఉన్నాయి. ఆపింది పాప.

"ఏమాయమ్మా?" అని సారు కేక.

"గీత పోయింది సార్! కదలొద్దనండి!"

చెప్పులు విడిచాను. తారు గరుకుగా ఉంటుంది, రంగు వేసినచోట నున్నగా ఉంటుంది. ఆ దారి ఊడ్చే ఎవరి కాలికైనా తెలుస్తుంది. ఒక కడ్డీ పాపకు అడ్డంగా చూపిస్తూనే, కాలితో బూడిద తోసుకుంటూ వెతికాను. విమానానికి కుడి పక్కన నున్నగా తగిలింది. వంగి కడ్డీ వెలుతురులో చూస్తే పసుపు. నేను గీత వదిలి కాలువ వైపే వచ్చేశాను. కొంచెమే, అయినా కాలువ వైపే. కాళ్ళు ఆ గీత మీద పెట్టుకుని, అప్పుడు కడ్డీలు ఎత్తాను. ముందు చక్రాన్ని నా వైపు తిప్పుకుని రమ్మని చేయి చూపాను. విమానం మెల్లగా ముక్కు తిప్పింది.

ఆ తర్వాత షెడ్డు దీపాలు పసుపుగా కనపడేదాకా వట్టి కాళ్ళతోనే నడిచాను.

ఇంజన్ ఆగాక పంకా పూర్తిగా నిలిచేదాకా మేము ఎవరం దగ్గరికి పోలేదు. నిలిచాక కట్టెలు పెట్టాను. పాప చాలాసేపు దిగలేదు, తల వంచుకుని కూర్చుంది. దిగి వచ్చి నా ముఖం చూడలేదు, కాళ్ళు చూసింది.

"అమ్మా, చెప్పులు యాడ?"

"మలుపు కాడ ఇడిచినా పాపా."

సారు షెడ్డు గట్టున కూలబడి ఉన్నాడు. ఆ మాటకు తల ఎత్తాడు. "టాక్సీ దారి మీద చెప్పులు ఇడిచి వచ్చినావా? రాళ్ళు ఏరేదానివి నీవే కదమ్మా!"

మెకానిక్కు నవ్వాడు. పాప నవ్వింది, నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది. నేను దాని వీపు మీద చేయి వేశాను. తెల్లవారి మొదటి విమానం కదలకముందే పోయి నా చెప్పులు నేను ఏరుకొచ్చాను. సారు ఆ మలుపు దీపం మార్పించి, గీతకు కొత్త రంగు వేయించాడు. పొద్దుగూకే వేళ చుట్టుపక్కల చేలల్లో పొగ కనపడితే ఆ రోజు చీకటి విమానాలు లేవని చెప్పేశాడు.

నాకు కడ్డీల పని కూడా చెప్పాడు. అలవాటు పడటానికి కాలం పట్టింది. ఎదురు నిలబడిన ప్రతిసారీ బెరుకుగా ఉండేది. ఇప్పుడు కూడా లేదని చెప్పను. పిల్లలు దిగి వచ్చేదాకా ప్రార్థన చేసుకుంటాను.

ఎండలు ముదిరే ముందు, పాప ఒంటరిగా దూరం పోయి రావాల్సిన రోజు వచ్చింది. గండికోట దగ్గర పెన్న లోయ చూసుకుంటూ కడపకు పోయి, అక్కడ దిగి, మళ్ళీ రావాలి. జీపు వచ్చింది. టెంకాయ కంచె అవతలే కొట్టారు, ఒకే నిమ్మకాయ తెచ్చారు. జేజి దిగి ఎవరూ చెప్పకుండానే స్తంభం దగ్గరికి వచ్చింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"రామ్మే. ఈడ నిలబడు."

"నాకు ఆడ పని ఉండాదమ్మా" అన్నాను. చేతుల్లో కడ్డీలు చూపించాను.

ఆమె కడ్డీలు చూసింది. విమానం చూసింది. "ఎదురేనా?"

"ఎదురే. నేను కనపడకుంటే పాప ఇంజన్ ముట్టించదు."

ముఖంలో ఏదో కదిలింది ఆమెకు. కోపమో భయమో నాకు తెలియలేదు. వద్దంటే సారుకు చెప్పి ఆ రోజుకు వేరేవాళ్ళను నిలబెడదామనే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆ పొగ సంగతి పాప ఇంట్లో చెప్పిందో లేదో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను పోయి నా చోట నిలబడ్డాను. లోపల నుంచి పాప నన్ను చూసింది, బొటనవేలు ఎత్తింది. నేను కడ్డీలు ఎత్తాను. పంకా తిరిగింది, నిమ్మకాయ నలిగింది, విమానం నా మీదికి కదిలింది. నేను రమ్మంటూ వెనక్కి నడిచి, పక్కకు దారి చూపి పంపించాను.

అది నన్ను దాటి పోయాక షెడ్డు వైపు చూశాను. ముసలమ్మ స్తంభం పక్కకు వచ్చి ఉంది. ఒక్క అడుగు. చేయి ఇంకా స్తంభం మీదే ఉంది. అక్కడ నుంచి అయితే మనవరాలి ముఖం కనపడుతుంది.